ఫిడేలుకు దణ్ణం

చంద్రిక వేదిక పక్క చీకట్లో గిటార్లను మెత్తటి గుడ్డతో తుడిచి, వంతు ప్రకారం నిలబెడుతోంది. అమెరికాలోని నాష్‌విల్‌లో కంట్రీ సంగీత పురస్కారాల సభ టీవీలో నేరుగా వస్తుంది. మధ్యలో ప్రకటనలు నడిచే కాస్త వ్యవధిలో వాద్యాలు మార్చడం ఆమె పని. ఆ పనిలోనే తల నెరిసింది కానీ, ఒక్కసారీ తెరమీద పడలేదు. పడితే పని చెడినట్టే. అదే ఆమె గొప్ప. తారలకు కనబడటం వచ్చు, కనబడకపోవడం ఎంతమందికి వస్తుంది?

ఇవాళ్టితో ఆ పనికి సెలవు. రేపు అరోరా ఊళ్ళో ఉన్న కూతురు అనిక దగ్గరికి వెళ్ళిపోతోంది. మాట పడకుండా దిగిపోతే చాలు.

"లాస్ట్ షో కదమ్మా, ఒక్కసారి కెమెరాలోకి రా, ప్లీజ్!" అంది అనిక ఫోన్‌లో.

"చాల్లేవే. ఇన్నేళ్ళ పేరు పోగొట్టుకోమంటావా?"

సాయంత్రం సభలో, జీవిత సాఫల్య పురస్కారం అందుకున్న ముసలావిడ ఫిడేలు వాయించే వంతు వచ్చింది. ప్రకటనలు మొదలవగానే చంద్రిక కుర్చీ వేసింది. పొట్టి స్టాండుమీద ఫిడేలు నిలబెట్టింది. ముసలావిడను కూర్చోబెట్టి వెనుదిరుగుతుంటే బూటు కొన ఫిడేలుకు తగిలింది.

"అవుట్! అవుట్!" అని చెవిలోని ఇయర్‌ఫోన్‌లో మేనేజర్ గోల. నాష్‌విల్ అయితేనేం, సరస్వతి సరస్వతే. చంద్రిక చెయ్యి దానంతటదే వంగి ఫిడేలును తాకి, కళ్ళకద్దుకుంది. తలెత్తేసరికి కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతోంది. ప్రసారం మొదలైపోయింది.

ముసలావిడ ఫిడేలు ఎత్తుకుంది కానీ, వాయించలేదు. తొందరేం లేదన్నట్టు తలూపి, చంద్రిక తెర చాటుకు చేరేదాకా కమాను గాల్లోనే ఆపింది. ఎప్పుడూ పరుగెత్తే చంద్రిక మొదటిసారి ఆ వేదికమీద నడిచింది.

సభ ముగియగానే ఫోన్ మోగింది.

"అమ్మా, చూశా! చిన్నప్పుడు నా మ్యాథ్ బుక్ తొక్కితే దణ్ణం పెట్టించావ్ కదా, సేమ్ థింగ్! దట్స్ మై మామ్ అని అందరికీ చెప్తున్నా!"

"పరువు పోయిందే," అంది చంద్రిక. గొంతులో నవ్వు మాత్రం దాగలేదు. పోతే పోయింది, చదువులతల్లి ముందు తలొంచి పోయింది.

సంచిలోంచి చెప్పులు తీసి వేసుకుంది. అందరికీ వెళ్ళొస్తానని చెప్పి, టపటప చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయింది. గుడి గుమ్మం బయట విడిచినట్టు, వేదిక మెట్ల పక్కన ఆమె నల్ల రబ్బరు బూట్లు జతగా ఉండిపోయాయి.