నేను చేసిన స్టీలు బోల్టు

ప్లాస్టిక్ అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. ముప్ఫై ఏళ్ళుగా లేత్ మిషన్ మీద ఇనుము చెక్కుతున్నవాణ్ణి మరి. అందుకే మా చెల్లెలు ఒక మెటల్ డిటెక్టర్‌ను షాపుకు తెచ్చి, కాయిల్ ఉండే పళ్ళేన్ని కర్రకు పట్టి ఉంచే ప్లాస్టిక్ బోల్టు విరిగిందని చూపించగానే నవ్వొచ్చింది.

"ఇదేం యంత్రమే, చిన్నపిల్లల బొమ్మలా ఉంది!" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. చెల్లెలి కూతురు జ్వరంతో పోయి అప్పటికి ఏడు నెలలే. పాప బంగారు చెవికమ్మలు రెండూ రుమాల్లో మడిచి ఎక్కడికెళ్ళినా వెంట ఉంచుకునేది. ముందురోజు, పాప ఆడుకున్న పార్కులో ఉయ్యాల దగ్గర కూర్చుని రుమాలు విప్పి చూసుకుంది. ఇంటికొచ్చేసరికి ఒక్కటే మిగిలింది. మర్నాడు పొద్దున్నే ఆ మట్టినేలంతా సిమెంటు పోస్తారు. తెలిసిన ఎలక్ట్రీషియన్ని బతిమాలి యంత్రం తెచ్చుకుంటే, దారిలో బోల్టు విరిగింది.

"సాయంత్రంలోగా అవుతుందా అన్నయ్యా?"

"గంటలో ఇస్తా. ఈసారి ఏనుగు తొక్కినా విరగదు."

స్టీలు బోల్టు, నట్టు, రెండు వాషర్లు చేశాను. చూస్తే ముద్దొచ్చేలా ఉన్నాయి. బిగించి స్విచ్ వేస్తే యంత్రం ఆగకుండా కూసింది. పాతది కదా, చాదస్తం అనుకున్నాను. అది నోరు మూసేదాకా సెన్సిటివిటీ తగ్గించాను. స్పానర్ నేలమీద పెట్టి పైన తిప్పితే చక్కగా మోగింది. ఇంకేం కావాలి?

ఆ సాయంత్రం పార్కులో అంగుళం వదల్లేదు. ఒక తాళం, ఒక తలుపు గడియ దొరికాయి. ఉయ్యాల చుట్టూ మూడుసార్లు తిరిగినా కిక్కురుమనలేదు.

"నువ్వు వెతికావంటే ఇక్కడ లేనట్టే అన్నయ్యా," అంది చెల్లెలు.

మర్నాడు సిమెంటు పోశారు.

వారం తర్వాత యంత్రం తిరిగిచ్చేద్దామని నేనే వెళ్ళాను. ఎలక్ట్రీషియన్ పళ్ళెం చూసి తల పట్టుకున్నాడు.

"ఎవడండీ ఈ మహానుభావుడు? లోహాన్ని వెతికే యంత్రానికి లోహం బిగిస్తే దాన్నే చూసి అరుస్తుంది. అరుపు తగ్గిస్తే చిన్న వస్తువులు దానికి వినబడవు. అక్కడ ప్లాస్టిక్ పెట్టింది అందుకేనండీ!"

ఆ మహానుభావుణ్ణి నేనే. అతని దగ్గరే ప్లాస్టిక్ బోల్టు అడిగి వేళ్ళతో బిగించుకుని, యంత్రాన్ని తిన్నగా పార్కుకు మోసుకెళ్ళాను. ఉయ్యాల స్తంభానికి బారెడు దూరంలో, సిమెంటు కింద నుంచి సన్నగా మోగింది. నాలుగు వైపుల నుంచీ తిప్పి చూశాను. అదే చోటు.

అంతలో చెల్లెలి ఫోను. "సింకు పైపు విప్పాలి అన్నయ్యా. చేతులు కడుక్కునేటప్పుడు కమ్మ జారిందేమో."

వెళ్ళేసరికి దాని ఇంట్లో దిండ్లన్నీ కుట్లు విప్పి ఉన్నాయి. సోఫా తిరగేసి ఉంది. సింకు కింద దూరి పైపు నట్టు తిప్పాను. చెల్లెలు కింద గిన్నె పట్టుకుని, పడిన మడ్డిలో వేలుపెట్టి కెలకసాగింది. ఇక నావల్ల కాలేదు.

"అందులో లేదమ్మా. పార్కులోనే ఉంది. నా బోల్టు వల్లే వినబడలేదు."

తిడుతుందని చూశాను. తిడితే బాగుండేది. లేచి చేతులు కడుక్కుంది. "ఎక్కడో చూపించు," అంది.

పార్కులో దాని చెవులకు యంత్రం హెడ్‌ఫోన్ పెట్టి, ఆ చోటుమీద పళ్ళెం తిప్పాను. కళ్ళు మూసుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

"గునపం తెస్తా. పగలగొడతా. ఎవడడ్డొస్తాడో చూస్తా!"

"వద్దు అన్నయ్యా. పిల్లలు ఆడుకుంటున్నారు."

సిమెంటు మీద చతికిలబడి, ఆ చోట అరచెయ్యి ఆనించింది. కాసేపటికి చెయ్యి తీసి నాకేసి చూసింది.

"ఇంకోసారి తిప్పు," అంది.

తిప్పాను.

"ఇంకోసారి."