వట్టి విసుర్రాయి

మా టూరు పేరు 'పల్లె, కోట: ఒక్క పూటలో'. పల్లెను ఒక్క పూటలో చూపిస్తారట, ఆ పేరు పెట్టిన చెయ్యి విరగ! పెట్టింది మా మేనేజరు సుధీర్. హైదరాబాదు మనిషి. పల్లెల గురించి ఆయనకు తెలియనిది లేదు, అంతా వీడియోల్లో చూశాడు. నేను పావనిని, జమ్మలమడుగు దాన్ని, ఆ టూరుకు గైడును. ఆయన రాసిచ్చిన కాగితం చూసి చెప్పడమే నా పని.

ఆ ఆదివారం సుధీర్ కూడా వచ్చాడు. ఎనిమిదిమంది గెస్టులను వెంటబెట్టుకుని పొద్దున్నే కోటకు వెళ్ళాం. కూలిన గోడలు, పెన్న లోయ చూపించి, ఆఖరున ధాన్యం గిడ్డంగిలోకి తీసుకెళ్ళాను. అందరూ చప్పట్లు కొట్టి, గోడలు మారుమోగుతుంటే సంబరపడ్డారు. "ఒకప్పుడు ఇది నిండా గింజలే. ఇప్పుడు గబ్బిలాలు" అన్నాను. ఆ ముక్క నా సొంతం, కాగితంలో లేదు.

తర్వాత పల్లె. అంటే షాహీదాబీ ఇల్లు. ఆమె మా అమ్మకు స్నేహితురాలు, నాకు అత్త వరస. పదకొండేళ్ళు కువైట్‌లో వంటపని చేసి వచ్చింది. నా కాగితంలో మాత్రం 'ఈమె ఊరి పొలిమేర దాటి ఎరుగదు' అని ఉంది. చదవడానికి సిగ్గయ్యేది, అయినా ప్రతి ఆదివారం చదివేదాన్ని.

మేం వెళ్ళేసరికి ఆమె ఫ్రిజ్ మీద దుప్పటి కప్పి, మిక్సీని మంచం కిందికి తోసి, వసారాలో విసుర్రాయి ముందు కూర్చుని ఉంది. దుప్పటీ మంచమూ సుధీర్ ఫోన్‌లో చెప్పిన ఏర్పాటు. విసుర్రాయి మాత్రం నిజం. ఏటా తన చేలో పండిన శనగలను ఆమె ఆ రాతితోనే పప్పుగా విసురుకుంటుంది. చేటలో గింజలు సిద్ధంగా పెట్టుకుంది.

సుధీర్ ఆ చేటను పక్కకు జరిపాడు. "గింజలు వద్దమ్మా. పొట్టు లేస్తుంది, గెస్టులు తెల్లబట్టల్లో ఉన్నారు. ఊరికే తిప్పండి, సౌండ్ వస్తే చాలు."

హాస్యమాడుతున్నాడనుకుని ఆమె నవ్వింది. "ఉత్త ఇసుర్రాయి తిప్పగూడదు సారూ. ఇంటికి కరువొస్తాది."

"ఒక్క నిమిషమే కదా."

"నిమిషమైనా తిప్పను. నా కొడుకు షహబాజ్ పని పోగొట్టుకోని ఆడ కువైట్‌లో ఇంటింటికీ తిరుగుతాండాడు. ఈడ నేను ఉత్త రాయి తిప్పేదా?"

సుధీర్ గెస్టుల వైపు తిరిగి నవ్వాడు. "చూశారా, పల్లె అంటే ఇదీ! మూఢనమ్మకాలు ఇంకా పోలేదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దున వ్యాను బయలుదేరే ముందు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టించింది ఈ మహానుభావుడే. ఆయనది భక్తి, ఆమెది మూఢనమ్మకం! ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు.

షాహీదాబీ నా వైపు తిరిగింది. "పావనీ, కోటలో గిడ్డంగి చూపించినావా వీళ్ళకు?"

"చూపించినా అత్తా."

"ఉత్తదే గదా?"

"ఉత్తదే."

అప్పుడు ఆయన వైపు చూసింది. "అది సూసొచ్చినారు గదా సారూ. ఇంగ నా ఇల్లు గూడా అట్లే సూడాలనా మీకు?"

విసుర్రాయికున్న కొయ్యపిడిని అటూ ఇటూ తిప్పి ఊడబెరికి, రాతి మీద పడేసి లోపలికి వెళ్ళిపోయింది. ఫోన్లు ఎత్తిపట్టుకున్న గెస్టులు దించాలో వద్దో తెలియక అట్లాగే నిలబడ్డారు.

సుధీర్ ముఖం ఎర్రబడింది. నా చెవి దగ్గరికి వచ్చి, "ఆ పిడి పెట్టి మీరే తిప్పండి పావనీ. వచ్చే ఆదివారం పనికి రావాలనుంటే" అన్నాడు.

ఇన్ని ఆదివారాలు కాగితంలో ఉన్నదల్లా చదివినదాన్ని. ఇదీ చేస్తానని ఆయన నమ్మకం. అందులో ఆయన తప్పు ఎంతో, నా తప్పూ అంతే.

పిడి తీసుకుని వంటింట్లోకి వెళ్ళి షాహీదాబీ చేతిలో పెట్టాను. వస్తూ వస్తూ ఫ్రిజ్ మీది దుప్పటి లాగేశాను. వసారాలోకి వచ్చి గెస్టులతో గైడు గొంతుతోనే చెప్పాను.

"ఈమె పదకొండేళ్ళు కువైట్‌లో పనిచేసి వచ్చింది. ఈ ఇంట్లో వట్టిది ఏదీ లేదు. వట్టిదే చూడాలనుకుంటే రండి, మళ్ళీ కోటకే పోదాం."