కొండహేమ డాట్ కామ్‌లో బస

షాపు మెట్లెక్కి వస్తున్న మనిషిని హేమలత ముందు గుర్తుపట్టలేదు.

"ఏటే, అలా సూత్తన్నావు? నేనేనే, ప్రసన్నని," అన్నాక లేచి వెళ్ళి కావలించుకుంది.

విశాఖపట్నంలో పాలిటెక్నిక్ చదివినప్పుడు ఇద్దరిదీ ఒకే హాస్టల్ గది. హేమలత పెదబయలు వైపు కొండల్లో పుట్టిన గిరిజన పిల్ల. ఆమె మాట విని క్లాసులో నవ్వినవాళ్ళతో ప్రసన్న పోట్లాడేది. ఒకసారి మలేరియా వచ్చి హేమలత మంచం పడితే, అందరూ కోట అని పిలిచే శృంగవరపుకోటలో తమ ఇంటికి తీసుకుపోయి, నిలబడే ఓపిక వచ్చేదాకా జావ కాచి తాగించింది. ఆ సంగతి హేమలత ఎప్పుడూ మరిచిపోలేదు.

ఇప్పుడు హేమలతకు అరకు స్టేషన్ రోడ్డులో చిన్న ఇంటర్నెట్ షాపు ఉంది. టికెట్లు తీయడం, దరఖాస్తులు టైపు చేయడం, ఫోటోలు ప్రింటు వేయడం ఆమె పని. వాటితో పాటు తన ఊరి రైతుల కాఫీ, పిప్పళ్ళు, పసుపు గురించి ఒక వెబ్‌సైట్ సొంతంగా తయారు చేసింది. దాని పేరు కొండహేమ డాట్ కామ్. ఆ పేరు కొన్న రోజున ఇంటికి వెళ్ళి తల్లికి కాగితం మీద రాసి చూపించింది.

"మా ఆయన ఇక్కడ కాటేజీలు కడదామంటన్నారు," అంది ప్రసన్న టీ తాగుతూ. "మాకూ ఓ వెబ్‌సైట్ చేసిపెట్టవే."

"చేస్తాను. మీ పేరుతో డొమైన్ ఒకటి కొనుక్కోండి."

"ఇప్పుడు అవన్నీ ఎందుకు? నీదాన్లోనే ఓ పక్కన పెట్టలేవా?"

పెట్టవచ్చు. హేమలత వాడుతున్నది చాలామంది కలిసి పంచుకునే సర్వర్. అందులో తన వంతు చోటు చాలావరకు ఖాళీగానే ఉంది. తన సైటు పేరుకు ముందు ఇంకో మాట తగిలించి సబ్‌డొమైన్ చేస్తే, అది వేరే సైటులా తెరుచుకుంటుంది. ఆ మాటే చెప్పింది. ప్రసన్నకు అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది. కాటేజీలకు 'బస' అని పేరు పెట్టుకుంది.

"మరి భూమి ఎలాగే?" అని అడిగింది హేమలత. ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్ళు భూమి కొనడానికి గానీ కౌలుకు తీసుకోవడానికి గానీ లేదని అక్కడ అందరికీ తెలుసు.

"అదంతా మా ఆయన సూసుకుంటన్నారు. రూలు ప్రకారమేలే."

హేమలత తన సైటు కంట్రోల్ ప్యానెల్ తెరిచి సబ్‌డొమైన్ అన్నచోట 'బస' అని ఇంగ్లీషులో కొట్టింది. కొత్త ఫోల్డరు వచ్చింది. పేజీలు రాసి, ఒక్కొక్కటే అందులోకి ఎక్కించింది. వానకు లైను మాటిమాటికీ తెగిపోతుంటే మళ్ళీ మొదలుపెట్టింది. మర్నాడు బస డాట్ కొండహేమ డాట్ కామ్ అని కొడితే లోయ మీద మంచు పరుచుకున్న ఫోటో తెరుచుకుంది. ప్రసన్న పిల్లలా చప్పట్లు కొట్టింది.

"నీ ఫోటో కూడా ఎయ్యవే. కింద నీ పేరు, షాపు అడ్రసు. ఇక్కడి మనిషి ఉందంటే వచ్చేవాళ్ళకి నమ్మకం."

హేమలతకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. షాపు ముందు నిలబడితే ప్రసన్నే ఫోటో తీసింది.

వానలు వెనకబట్టాక, ఒక సంత రోజున సోములమ్మ షాపుకి వచ్చింది. ఆమె హేమలతకు అత్త, చనిపోయిన మేనమామ భార్య. అడ్డాకుల కట్ట గుమ్మం పక్కన దించి, లోపలికి రాకుండా అక్కడే నిలబడింది.

"నువ్వొచ్చి సెప్తే పోయేది గదే గుంటా. ఆ ఆసామిని పంపినావేటి?"

"ఏ ఆసామి అత్తా?"

"కోట నుంచి వచ్చినాడు. దేవీప్రసాదట. మడతెట్టే డబ్బా తెరిసి నీ బొమ్మ సూపించినాడు. మీ హేమే ఇక్కడ గదులు కడతాది, నీ పొలం దానికే ఇయ్యమంటంది అన్నాడు. మన ఇంటి గుంట గదా అని ఏలిముద్ర ఏసినాను. ఇప్పుడు పనసచెట్లు కొట్టేసినారు. నువ్వే కొట్టమన్నావా?"

దేవీప్రసాద్ ప్రసన్న భర్త. హేమలత షాపు మూసి అత్తతో జీపెక్కింది. సామలు, చోళ్ళు పండిన మెట్టపొలం చదునై ఉంది. గోడలు నడుం ఎత్తు లేచాయి. పొలం గట్టున పనస మొద్దుల మీద మేస్త్రీలు కూర్చుని అన్నాలు తింటున్నారు. ఆమెను చూసి వాళ్ళలో ఒకడు లేచి, "మేడమ్‌గారు వచ్చారు," అన్నాడు.

ప్రసన్నకు ఫోను చేస్తే, "మీ అత్తకి నెలనెలా అద్దె ముడతాది. వంటింట్లో పని కూడా ఇత్తాం," అంది.

"నా ఫోటో చూపించి తీసుకున్నారు ప్రసన్నా. ఆ సైటు తీసేస్తాను."

అవతల ప్రసన్న ఏడుస్తున్నట్టు వినిపించింది. "అప్పులు సేసి కడతన్నామే. సీజను ముందు పరువు తియ్యకు. నిన్ను మా ఇంట్లో మనిషిలాగే సూసుకున్నాం కదా అప్పుడు. కొంచెం ఆగు. మా ఆయన అన్నీ సరిసేత్తారు."

హేమలత ఆగింది.

ఆగినందుకు చలికాలం మొదట్లో ఫలితం కనిపించింది. పొలం బయటివాళ్ళ చేతిలో పడిందని ఊళ్ళో ఎవరో ఫిర్యాదు పెడితే విచారణకు ఇద్దరు రెవెన్యూ ఉద్యోగులు ఆమె షాపుకే వచ్చారు. ఆమె కంప్యూటరు ముందే కూర్చుని, ఆమె చేసిన సైటే తెరిచారు.

"ఇది మీదేనా అమ్మా?"

"డొమైన్ నాది సార్. వ్యాపారం నాది కాదు."

"ఫోటో మీది. పేరు మీది. అడ్రసు ఈ షాపుది. పొలం మీ అత్తది."

"స్నేహితురాలికి చేసిపెట్టాను సార్. ఆవిడనే అడగండి."

వాళ్ళిద్దరిలో పెద్దాయన ప్రసన్నకు ఫోను కలిపి అందరికీ వినబడేలా పెట్టాడు. ప్రసన్న గొంతు తొణకలేదు. పుస్తకంలోది చదువుతున్నట్టు మాట్లాడింది. "అది మా హేమలత వ్యాపారమేనండీ. పాపం కష్టపడి పైకొస్తోందని మేం కొంచెం సాయం చేస్తున్నాం. అంతకు మించి మాకేం సంబంధం లేదండీ."

హేమలత ఫోను దగ్గరికి వంగి, "ప్రసన్నా," అంది. లైను కట్టయింది.

పొలం గిరిజనురాలిది, వ్యాపారం గిరిజనురాలిది అన్నప్పుడు చట్టానికి అడ్డేమీ లేదు. వాళ్ళు అదే రాసుకున్నారు. కాదని హేమలత విడిగా అర్జీ రాసి ఇస్తే పెద్దాయన తీసుకున్నాడు గానీ, "ఇప్పుడు మీలో మీకు తేడాలొచ్చి ఇలా అంటే మేమేం చేస్తాం?" అన్నాడు. ఆయన కసురుకోనూ లేదు. నిజంగానే అలా అనుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక ఆమె కంట్రోల్ ప్యానెల్ తెరిచింది. బస అన్న పేరుకు ఎదురుగా తొలగించు అని ఉన్నచోట నొక్కింది. నిజంగానే తొలగించాలా అని అడిగితే అవునని నొక్కింది. ఫోల్డరు కూడా తీసేసింది. రాసిన పేజీలన్నీ పోయాయి. ఆ సాయంత్రం ఆమెకు కొంచెం ఊపిరి ఆడినట్టయింది.

వారం తిరక్కుండా బస పేరుతో ప్రసన్నవాళ్ళ సొంత డొమైన్ వచ్చింది. ఆమె రాసిన పేజీలే. పేజీల కాపీ ఎప్పుడు దించుకున్నారో తెలియదు. ఆమె ఫోటో అలాగే ఉంది, అడ్రసు మాత్రం మారింది. తీసేయమని మెయిలు రాసింది. ఫోను చేసింది. చివరికి బస్సెక్కి కోట వెళ్ళింది.

ప్రసన్న గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది. "నీకేటి నష్టమైందే? నీ చేతి నుంచి ఏం పోయింది? అందరూ నిన్ను ఓనరనే అనుకుంటన్నారు."

"నా పేరే పోయింది," అంది హేమలత.

ప్రసన్నకు అర్థం కాలేదు. అర్థమైనా ఒప్పుకోవలసిన అవసరం లేదు. లోపలి నుంచి ప్రసన్న తల్లి, "ఎవరే వచ్చింది? కూకోమను," అని పిలుస్తోంది. హేమలత కూర్చోలేదు.

తిరుగు దారిలో అత్త దగ్గర దిగింది. అప్పటికే తెరిచేసిన కాటేజీల వెనక కుళాయి దగ్గర సోములమ్మ గిన్నెలు తోముతోంది. ముందు వైపు టూరిస్టులు మంట వేసుకుని పాటలు పెట్టుకున్నారు. హేమలత పక్కన కూర్చుని జరిగినదంతా చెప్పింది. సోములమ్మ చేతులు ఆపకుండానే విన్నది.

"నువ్వు సెయ్యలేదని నాకు తెలిసింది," అంది చివరికి. "ఊరోళ్ళకి ఏటని సెప్పను? సదూకున్న గుంట అత్త పొలం కోటోళ్ళకి అమ్మేసిందంటన్నారు. నేను కాదంటే, నీకూ వాటా ముట్టిందా అంటన్నారు."

"నేనొచ్చి చెప్తాను అత్తా."

"వద్దు. రాకు." ఆమె గొంతులో కోపం లేదు. "నువ్వొత్తే ఇంకా అంటారు."

హేమలత ఒక గిన్నె అందుకోబోయింది. సోములమ్మ దాన్ని మెల్లగా తనవైపు లాక్కుని, బేగి బయల్దేరమంది, ఆఖరి జీపు పోతాదని.

ఆ తర్వాత అత్త ఊరి పండగలకు హేమలత తల్లి ఒక్కతే వెళ్ళి వస్తోంది. ఎవరేమన్నారని కూతురు అడగదు, ఆమె చెప్పదు.