ముగ్గుపిండి వాన

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. ఒత్తులు, దీర్ఘాలు తప్పి ఉంటే మన్నించండి. ఇంత చిన్న కథకు పదకొండు రోజులు పట్టింది, దానికీ మన్నించండి.

ముదిగుబ్బ దగ్గర ఒక ఊళ్ళో పెద్ద ఆడవాళ్ళకు సాయంత్రం బడి నడిచేది. చదువు చెప్పే అమ్మాయి జయంతి. ఏడాది చివర అందరూ తలా ఒక పేజీ చేస్తే, జిరాక్స్ తీయించి పుస్తకంగా కుట్టుకుందామంది. గొర్రెలు కాసే తిప్పమ్మకు రాయడం వచ్చింది తన పేరొక్కటే.

"నువ్వు బొమ్మ వెయ్యి పెద్దమ్మా, కింద పేరు రాయి," అంది జయంతి. "పెన్సిల్ గీత జిరాక్స్‌లో పడదు. ఈ నల్ల ఇంకుతో వెయ్యల్ల. తేటగా పడకపోతే మాత్రం పుస్తకంలో పెట్టలేను."

రేషన్ కార్డు మీద ఎవరో కొట్టిన పేరే తప్ప, తన చేత్తో రాసిన పేరు పుస్తకంలో ఎలా ఉంటుందో తిప్పమ్మ ఎన్నడూ చూడలేదు. ఎలాగైనా చూడాలి.

ఇంటికి వెళ్ళి, వేపపుల్ల కొస నమిలి కుంచె చేసుకుంది. ఎన్నో ఏళ్ళుగా ముగ్గులు వేసిన చెయ్యి అది. ముగ్గుకు ముందు వాకిలి అలకాలి కదా! ఆ అలవాటు కొద్దీ, పేరుకు అడుగున రెండు వేళ్ళ జాగా వదిలి, అట్ట కాగితమంతా నల్లగా అలికేసింది. జయంతి ఇచ్చిన ఇంకు బుడ్డి ఖాళీ అయ్యాక గానీ తెలివి రాలేదు. ఇంక గొర్రెను గీసేది దేంతో? గీసినా నలుపు మీద నలుపు కనపడేదెట్లా?

కాసేపు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. తర్వాత లేచి ముగ్గుచిప్ప తెచ్చుకుంది. ఇంకు ఆరకముందే, వేళ్ళ సందున పిండి జారవిడిచింది. ఒక వీపు, ఒక చెవి, ఒక కన్ను. దాని పక్కన ఇంకోటి. మిట్టమధ్యాహ్నం ఎండకు ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి నిలబడ్డ తన నల్ల గొర్రెలు. కుంచె కొసన మిగిలిన తడితో అడుగున పేరు రాసింది.

మరునాడు జయంతి వెంట జిరాక్స్‌కు పోతుంటే, ముదిగుబ్బ బస్సులో తోటి బడిమనిషి ఎలిజబెత్ ఆ కాగితం లాక్కుని చూసింది.

"ఏమక్కా, ఇది మందనా, బొగ్గుల మూటనా?"

"నీ కండ్లకు మబ్బు కమ్మిందిలే. ఇటియ్యి, పిండి రాలుతాది!"

జిరాక్స్ అంగడి మార్కండేయ కాగితం అద్దం మీద బోర్లించాడో లేదో, అంటుకోని పిండి జలజలా రాలింది.

"ఏమ్మా, ఇది మిషన్ అనుకున్నావా, మీ వాకిలనుకున్నావా? పిండి లోపలికి పోతే బాగుచేసేదెవరు?" అని అరుస్తూనే అతను మీట నొక్కేశాడు.

"ఈ పేజీ మానేద్దాంలే పెద్దమ్మా," అంది జయంతి మెల్లగా.

తిప్పమ్మ అప్పుడే బయటికొచ్చిన నకలును అందుకుంది. ఇంకు తడికి పట్టుకున్న గీతలు చెదరలేదు. గొర్రెలు తెల్లటి అంచులతో స్పష్టంగా నిలబడి ఉన్నాయి. అద్దం మీద రాలిన పిండి ఆ నల్లటి ఆకాశం నిండా తెల్లటి చుక్కలై కురుస్తోంది. అడుగున, వంకర టింకరగా, తిప్పమ్మ.

"వాన!" అంది. "పాపా, చూడు, వాన పడతాండాది!"

మార్కండేయ తుడుపుగుడ్డ తీసుకుని అద్దం మీదికి వంగాడు.

"తుడవద్దప్పా!"

"తుడవకుంటే నా మిషన్ పోతాది తల్లీ." అద్దం శుభ్రంగా తుడిచి, ఆ నకలునే మళ్ళీ అద్దం మీద పెట్టాడు. "దీన్నే తీస్తా. నీ వాన యాడికీ పోదు."

అన్నట్టే ప్రతి కాగితంలోనూ వాన వచ్చింది. జయంతి లోపలి పేజీ మాట మరిచి, దాన్ని పుస్తకానికి అట్టగా పెట్టి అక్కడే కుట్టేసింది.

తిరుగు బస్సులో తిప్పమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తన పేరు మీద వేలు జరుపుతూ కూర్చుంది. బయట పొలాలు దుమ్ము లేపుతున్నాయి.

"అక్కా, గొర్రెలు తడుస్తాండాయి," అంది ఎలిజబెత్. "దొడ్లోకి తోలుకో."

"తడవనీమే," అంది తిప్పమ్మ. "ఎన్నాళ్ళయింది!"

రాసింది: ఎలిజబెత్, 57 ఏళ్ళు. ఇప్పుడు ఉండేది గుంతకల్లులో, మా కూతురింట్లో.