అడుగు ముక్క

మూత్రం ఎర్రగా పడింది. నొప్పి లేదు. మా సిరిగేరిలో అయితే వరిమడిలో ఎండకు ఉడుకు చేసిందని మజ్జిగ తాగి ఊరుకుంటారు. నేను ఊరుకోలేదు. నా భార్య ఉచ్చంగెమ్మకు కూడా మొదట ఇలాగే పడింది. మర్నాడే బళ్ళారి బస్సెక్కాను.

డాక్టర్ శ్రుతి కెమెరా పెట్టి చూసింది. మూత్రపు సంచి లోపలి పొరమీద పువ్వులాంటి గడ్డ ఉందంది. నడుముకు మత్తిచ్చి గీకి తీసింది. సాయంత్రం రెండు సీసాలు తెచ్చి మంచం పక్కన బల్లమీద పెట్టింది.

"పెద్ద సీసాలో గడ్డ ఉంది. అది నెమ్మది రకమా, దుడుకు రకమా అని ల్యాబులో చెప్తారు. చిన్న సీసాలో గడ్డ పుట్టిన చోట అడుగునుంచి తీసిన ముక్క, సంచి కండరం. గడ్డ అందులోకి దిగిందా లేదా అన్నది దీంట్లోనే తెలుస్తుంది. దిగివుంటే సంచి మొత్తం తీసెయ్యాలి. లేకుంటే ఈ గీకింది చాలు, అప్పుడప్పుడూ చూసుకుంటుంటే సరి. రెండూ ల్యాబుకు చేరాలి."

"తెలుసమ్మా. ఇంతకుముందు ఒకటే చేరింది," అన్నాను.

ఉచ్చంగెమ్మకు సిరుగుప్పలో గీకారు. అప్పుడూ రెండు సీసాలే. బళ్ళారి ల్యాబుకు తీసుకెళ్తానని ఆమె తమ్ముడు హొన్నప్ప పుచ్చుకున్నాడు. చివరి బస్సు తప్పిపోయిందని రాత్రికి హచ్చొళ్ళిలో తన ఇంటికి పోయాడు. మా అత్త దురుగమ్మ ఆ సీసాలు చూసింది. వాళ్ళింట్లో కాన్పయితే మాయను పసుపూ వేపాకూ వేసి గొడ్ల చావిడి వెనక పూడుస్తారు. ఒంట్లోంచి వచ్చింది మట్టికి చేరకపోతే ఆ ఒళ్ళు కోలుకోదని ఆమె నమ్మకం. రెండింట్లోనూ ఉండేది అదే మాంసం కదా, పరీక్షకు ఒకటి చాలదా అనుకున్నారు తల్లీ కొడుకూ. చిన్నది పూడ్చారు. పెద్దది మర్నాడు ల్యాబుకిచ్చారు.

దుడుకు రకమని రిపోర్టు వచ్చింది. పంపిన దాంట్లో కండరం లేదు, లోతు చెప్పలేమని రాశారు. రెండో సీసా ఏమైందని డాక్టరు అడిగాడు. రెండూ ఇచ్చినానని హొన్నప్ప అబద్ధం చెప్పాడు. మళ్ళీ గీకాలన్నారు. పడిన బాధ చాలని ఉచ్చంగెమ్మ ఒప్పుకోలేదు. గడ్డకు వేరు కనబడలేదంటే లేనట్టే గదా అంది. వేరు చావిడి వెనక మట్టిలో ఉంది. ఏడాది తిరక్కుండా అది ఎముకల్లోకి పాకి ఉచ్చంగెమ్మ చచ్చిపోయింది. దినాల నాడు దురుగమ్మ గుండెలు బాదుకుంటూ, "మట్టికి గూడా ఇచ్చినామే, అయినా నా బిడ్డను ఇడిసిపెట్టకపోయె" అని ఏడ్చింది. అప్పుడు తెలిసింది నాకు.

ఆ తర్వాత వాళ్ళ గడప తొక్కలేదు.

ఇప్పుడు మూత్రపు గొట్టంతో మంచానికి కట్టుబడి ఉన్నాను. పిల్లల్లేరు. ల్యాబు ఊరికి ఆ చివర ఉంది. ఎవరు చెప్పారో ఏమో, హొన్నప్ప వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఎట్లుండావు బావా?"

"నీకు ఖబర్ ఎవరిచ్చినారు?"

"ఎవరిస్తే ఏంది. ఇయ్యి, నేను పోయొస్తా."

"మీ చావిడి వెనక జాగా మిగిలుండాదా?"

వాడు తల దించుకున్నాడు. "ఒక్క ముక్క గూడా మట్టికియ్యొద్దని అమ్మే పంపించింది బావా."

పక్క మంచం మీది కొట్రేశ్ నవ్వాడు. "ఏందప్పా, ఆసుపత్రికొచ్చినారా, కోర్టుకొచ్చినారా?"

వేరే దారి లేదు. సీసాలిచ్చాను. ఆటో ఎక్కినప్పటినుంచి ల్యాబు దాకా ఫోనులో వీడియో పెట్టి నాకు చూపిస్తూ పొమ్మన్నాను. మోతీ సర్కిల్ దాటేసరికి తెరమీద పెద్ద సీసా ఒక్కటే ఉంది.

"చిన్నది యాడరా?"

"జేబులో ఉండాది బావా!"

"తియ్యి. రెండూ చూపియ్యి."

"ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో సీసా. ఇంకో చెయ్యి నీదేమైనా పంపిస్తావా?"

ఆటో డ్రైవరు నవ్వడం వినబడింది. నేను నవ్వలేదు. వాడు ఫోను ఒళ్ళో పెట్టుకుని రెండు సీసాలూ ఎత్తి పట్టుకున్నాడు. ల్యాబులో ఫోను బల్లమీద ఆనించి, అక్కడి అమ్మాయి రెండింటిమీదా నంబర్లు అతికించేదాకా అలాగే పట్టుకున్నాడు.

రిపోర్టు వచ్చేవరకు నాకు నిద్ర లేదు. ఒక కునుకు పట్టినా గొట్టం లాగినట్టయి మెలకువ వచ్చేది. వచ్చిన రోజు హొన్నప్పా ఉన్నాడు. శ్రుతి కాగితం చదివింది.

"నెమ్మది రకం. పైపొరలోనే ఉంది. అడుగు ముక్కలో కండరం చక్కగా ఉంది, గడ్డ జాడ లేదు. సంచి తీసే పనిలేదు. కానీ ఇది మళ్ళీ మొలుస్తుంటుంది. మూడు నెలలకోసారి కెమెరా పరీక్షకు రావాలి. తర్వాత తర్వాత తగ్గిస్తాం."

హొన్నప్ప గోడకు ఆనుకుని ఏడ్చాడు. "బతికితివి బావా. ఇంక మా ఇంటికి రా. అమ్మకు కండ్లు కనపడవు, నీ మాటైనా వింటాది."

చిన్న సీసా అంత మాట చెప్పింది. ఉచ్చంగెమ్మది కూడా చెప్పేది.

"రాను," అన్నాను.

"ఇంగా ఎన్నాళ్ళు బావా?"

"డాక్టరమ్మ చెప్పింది విన్లేదా? మళ్ళీ మొలుస్తాదంట. మొలిచినప్పుడల్లా గీకుతారు. గీకినప్పుడల్లా రెండు సీసాలు. నువ్వే వచ్చి మోయాల."

వాడు కళ్ళు తుడుచుకుని తలూపాడు. "ఫోను చార్జి చేసుకోనొస్తా," అన్నాడు.

గొట్టం తీసేశారు. బస్టాండు దాకా వాడు నా బట్టల సంచి పట్టుకుని వెనక నడిచాడు. సిరిగేరి బస్సు ఎక్కాక కిటికీలోంచి సంచి అందించాడు. తీసుకున్నాను. వాడి మొహం చూడలేదు.