నోరెత్తని గది

ఆయా మరో ముక్కు తుడుస్తోంది. పసిపిల్లలంటే ముద్దొస్తారనేవాళ్లను ఒక్క పూట ఈ గదిలో కూర్చోబెట్టాలి. విరిగిన పాల వాసన, తడిసిన పరుపుల వాసన, వాటిని కప్పేందుకు చల్లిన ఫినాయిల్ వాసన కలిసి గుప్పున కొడతాయి. పిల్లలంతా టీవీ ముందు నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు. తెర మీద కుందేలు ఒకటే వాగుతోంది. గదిలో ఇంకెవరూ మాట్లాడరు.

అది క్రెష్ యజమానురాలి ఆజ్ఞ. పిల్లల ముందు ఆయాలు నోరెత్తకూడదు. రెండేళ్ల క్రితం ఒక తల్లి చేసిన గొడవకు ఫలితమది. ఏడాది నిండిన ఆమె కొడుకు ఇంట్లో ఆమెనే చెయ్యూపి "దా" అన్నాడట. "ఆయా భాష అంటుకుంటోంది మా వాడికి" అని మూతి ముడిచింది. ఆ రోజు నుంచి ఆయాలకు సైగలే గతి. మాటలు నేర్పే పని టీవీకి అప్పజెప్పారు.

నిజం చెప్పాలంటే ఆయాకు అది హాయిగానే ఉండేది. ఇంట్లో కోడలితో అరిచీ అరిచీ వచ్చేది, ఇక్కడైనా నోటికి సెలవు. ఆ "దా" అన్నవాడికిప్పుడు మూడేళ్లు. మళ్లీ ఒక్క మాట అనలేదు. వాడికి ఆమె మనసులో పెట్టుకున్న పేరు మూగదొర. దొరగారు చూస్తే నీళ్లు, మూలిగితే పాలు. నోరు తెరిచి అడిగే అవసరం వాడికి ఆమె ఏనాడూ రానివ్వలేదు.

సాయంత్రం వాడి తల్లి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"చెవులు బాగానే ఉన్నాయట" అంది యజమానురాలితో. "రోజంతా వీడితో ఎవరైనా మాట్లాడతారా అని డాక్టర్ అడిగాడు. మాట్లాడతారు కదండీ?"

"అదేం మాట మేడం. పొద్దస్తమానం కబుర్లే. ఏం పెద్దాయా?" యజమానురాలు నవ్వుతూ ఆయావైపు తిరిగింది.

అబద్ధాలు ఆయాకు కొత్త కాదు. కానీ ఆ నవ్వు ముఖంతో తనను సాక్ష్యానికి పిలిచేసరికి చేతిలో గుడ్డ పక్కన పడేసింది.

"లేదమ్మా" అంది. ఆ గదిలో తన గొంతు తనకే వింతగా వినిపించింది. "ఎవరమూ మాట్లాడం. మా మాట పడదని మీరే కదా అన్నారు. నేనూ నోరు మూసుకున్నా. సుఖంగానే ఉంది మరి."

తల్లికి కళ్లనీళ్లు తిరిగాయి. ఆయాకు జాలి వేసింది. అంతలోనే ఆవిడ కళ్లొత్తుకుని యజమానురాలివైపు తిరిగింది.

"శుభ్రంగా మాట్లాడే ఆయా ఎవరైనా దొరకరా అండీ?"

"రేపే పెట్టేద్దాం మేడం."

థూ, అనుకుంది ఆయా. వీళ్లకు బిడ్డ నోటికి మాట రావడం కంటే, వచ్చే మాట ఎవరిదన్నదే పట్టింపు. ఇక రావద్దని ఆమెతో ఎవరూ అనలేదు, అనక్కర్లేదు కూడా. ఏప్రాన్ విప్పి తలుపు పక్క మేకుకు తగిలించింది. మూగదొర వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఇప్పుడు ఏ ఆజ్ఞా లేదు. వాడితో ఏదో ఒకటి, ఒక్క మాట అనాలనుకుంది. పెదవులు కదిలాయి గానీ అలవాటు తప్పిన నాలుక తిరగలేదు. చెయ్యి మాత్రం ఊపింది. తన మీద తనకే రోత పుట్టింది. చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది.

తల్లి, యజమానురాలు కొత్త ఆయా గురించి మాట్లాడుకుంటున్నారు. వాడికి దాహమేసింది. ఇద్దరి ముఖాలూ చూశాడు. వాళ్లు వాడివైపు చూడలేదు. మేకు దగ్గరికి వెళ్లి, ఏప్రాన్ అంచు పట్టుకుని లాగి, తలెత్తి ఎదురుచూశాడు. ఏప్రాన్ ఓ పక్కకు ఒరిగి, మళ్లీ మెల్లగా సర్దుకుని వేలాడింది.