డెబ్బై రెండు శాతం నకలు

ములకలపల్లి అడవి అంచున కల్లు కుండల మీద ముసిరే పండు ఈగలను పట్టి, ఆతియా ఆరేళ్లు వాటి డీఎన్ఏ చదివింది. అందులో ఒకే చిన్న ముక్క వరసగా వేలసార్లు వస్తుంది. తరతరానికీ నకలు దిగుతూ, మధ్యలో ఎక్కడో ఒక తప్పు దొర్లి, ఆ తప్పుకూ నకళ్లు పుడతాయి. ఆ వరసలన్నీ థీసిస్‌లో అచ్చు వేయించి ఖమ్మంలో పీహెచ్‌డీ కమిటీకి ఇచ్చింది.

కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్ డెబ్బై రెండు శాతం నకలని తేల్చింది. చైర్మన్ దామోదరాచారి ఆమెను పిలిపించాడు.

"ఏందమ్మా గిది? నలభై పేజీలల్ల ఒక్కటే ముక్క మళ్లమళ్ల రాసినవ్. పేజీలు నింపనీకేనా?"

"నేను రాయలే సార్. ఈగలల్ల గట్లనే ఉన్నది."

"ఈగలు కాపీ కొడితే నువ్వు గూడ కొడతవా? సొంతంగ రాసుకొని రా."

ఈగ డీఎన్ఏను సొంతంగా ఎలా రాస్తారో ఆ మేధావి చెప్పలేదు. తిరస్కరణ ఉత్తరం మాత్రం చేతిలో పెట్టాడు. 'మీ మిరప తెగుళ్ల పరిశోధనలో సొంత కృషి లోపించింది' అని ఉందందులో. మిరప తెగుళ్లు ఆమె సీనియర్ తిరుమల పరిశోధన. తిరుమలకు వచ్చిన ఉత్తరంలో పత్తి పురుగు ఉంది. అది అంతకు ముందు కమిటీ వెళ్లగొట్టిన శ్రీదేవి పరిశోధన.

ఆతియా వాళ్లిద్దరి ఉత్తరాలూ అడిగి తెచ్చి, తనదానితో కలిపి మూడింటినీ వరసగా అంటించి థీసిస్‌కు కొత్త అధ్యాయం చేర్చింది. నమూనా దొరికిన చోటు అన్న గడిలో, ఈసారి కల్లు కుండ బదులు, చైర్మన్ గది అని సొంతంగా రాసింది.